మా పందిరి మీది గింజల ద్రాక్ష

మొక్కల అల్లుడు

నేను బొగ్గు కంపెనీలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. ఒక్క పెళ్ల బొగ్గు కూడా తవ్వలేదు.

మందమర్రిలో పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు మా మామ నన్ను అడిగిన మొదటి మాట, "బొగ్గుబాయిల మాలి పనేంది బిడ్డా?" అని. హార్టికల్చర్ సూపర్‌వైజర్ అని ఎంత గొప్పగా చెప్పుకున్నా లాభం లేకపోయింది. పిల్లనైతే ఇచ్చాడు గానీ, బతికినన్నాళ్లూ నన్ను "మొక్కల అల్లుడు" అనే పిలిచాడు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత తర్వాత, గనిలో పనిచేసే తోడల్లుళ్ల కంటే నాకే ఆ ఇంట్లో మామిడిపండ్లు ఎక్కువ దొరుకుతున్నాయని గమనించి ఊరుకున్నాను.

ఈమధ్య కంపెనీ నర్సరీలో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు గోదావరిఖనిలో మా ఇంటికి వచ్చారు. డిప్లొమా చదివి వచ్చిన పిల్లలు, కళ్లల్లో ఉత్సాహం ఉంది. "సార్, పని గురించి ఏమన్న చెప్పుండ్రి" అన్నారు. ఓపెన్‌కాస్ట్ గనుల్లో బొగ్గు మీది మట్టినీ రాయినీ తీసి గుట్టలుగా పోస్తారు. డంపులంటాం. ఆ డంపుల మీద చెట్లు మొలిపించడమే మా అసలు పని. ఏ గుంతలో ఏం వెయ్యాలో, కానుగ ఎక్కడ బతుకుతుందో, వెదురు ఎక్కడ చస్తుందో అదంతా ఫైళ్లలో ఉంది. చదువుకోండి. ఫైళ్లలో లేనిది ఒకటి చెబుతాను. నాకు అన్నీ తెలుసు అనుకుంటున్న వయసులో ఆరు ద్రాక్ష తీగలు నా పరువు తీసి, పని నేర్పి, మళ్లీ పరువు నిలిపిన కథ.

ఒడిలో వచ్చిన తీగలు

అప్పటి మా జీఎం గారు బెంగళూరు వెళ్లి వస్తూ వేళ్లూనిన ఆరు ద్రాక్షకట్టెలు తడిగోనెలో చుట్టి తెచ్చారు. వాటికి కట్టిన చీటీ మీద "ఆర్క సోమ, తెల్లది" అని ఉంది. అంతే. ఆ పేరు నేను అంతకుముందు వినలేదు. తెల్లద్రాక్ష అంటే నాకు తెలిసింది రెండే: బజారులో దొరికే గింజల్లేని సన్న ద్రాక్ష, చిన్నప్పుడు హైదరాబాద్ నుంచి వచ్చే లావు ద్రాక్ష.

"మల్లేశం, గెస్ట్‌హౌస్ ముందర పందిరి ఎయ్యాలె. పెద్దసార్లు వచ్చినప్పుడు తలల మీద గుత్తులు ఏలాడాలె" అని హుకుం జారీ చేసి, రెండు నెలలకే ఆయన బదిలీ మీద వెళ్లిపోయారు. ఆ గెస్ట్‌హౌస్ సెంటినరీ కాలనీకి దగ్గర్లోనే ఉండేది. పందిరికి ఇనుప పైపులు స్టోర్లో దొరికాయి. తీగ ఎక్కడానికి గనుల్లో టబ్బులు, అంటే బొగ్గు తొట్లు, లాగి లాగి అరిగిపోయిన ఇనుపతాడు తెచ్చి, పోగులు విడదీసి అల్లాం. ఈ బొగ్గు ఊళ్లల్లో బట్టలారేసే దండెం దగ్గర్నుంచి బర్రెను కట్టే పలుపు దాకా అన్నింటికీ ఆ తాడే కదా.

స్టేషన్ నుంచి నర్సరీ దాకా జీపులో ఆ గోనెను ఒడిలో పెట్టుకొని తెచ్చింది రూతక్క. మా నర్సరీలో పనిచేసే ఆమె. భర్త భూగర్భ గనిలో పనిచేసేవాడు, జబ్బు చేసి పోతే ఆ ఉద్యోగం ఈమెకు వచ్చింది. నాకంటే పెద్దది. నేను అక్కా అంటాను, ఆమె సారూ అంటుంది, మాట మాత్రం నాదెప్పుడూ నెగ్గలేదు. ఆ రోజు గోనె దించకుండానే ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"సారూ, ద్రాక్షతీగ అని ఆదివారం ఆదివారం చర్చిల ఇనుకుంటనే ఉంటం. కండ్లతోని సూసింది లేదు. వీటిని నేను పెంచుత. నాకు ఇంక అయిదేండ్ల సర్వీసు లేదు. దిగిపోయేలోపల ఒక్కపారి, ఒక్కటంటే ఒక్కపారి, మా చర్చిల ప్రభు బల్లకు నా చేతుల పెరిగిన తీగ రసం పెట్టాలె."

వాళ్ల చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధనకు ఎప్పుడూ బజారు సీసాయే తెచ్చేవారు. "గంతేనా? మూడేండ్లల్ల కడవలు నింపుకో అక్కా" అన్నాను నేను. నా నోరు అలాంటిది.

కత్తి పడనియ్యని మనిషి

మూడేళ్లు గడిచాయి. ఆకులు! అబ్బబ్బ, ఏమి ఆకులు! అరచేతులంత ఆకులతో పందిరి కింద మిట్టమధ్యాహ్నం కూడా దీపం కావాలన్నట్టు చీకటి. పిందె మాత్రం ఒక్కటి లేదు.

నేను పశువుల ఎరువు వేశాను. యూరియా వేశాను. ఇంకా ఎక్కువ వేశాను. చెయ్యనిది ఒక్కటే, తీగ కొయ్యడం. దానికి కారణం ఉంది. డంపుల మీద నేను పెంచిన చెట్లను కట్టెలకని రాత్రికి రాత్రి కొట్టుకుపోయేవారు. వాళ్లతో తగువులాడీ తగువులాడీ నాకొక పేరొచ్చింది, "మల్లేశం సార్ ఉన్న కాడ కొమ్మ మీద కత్తి పడదు" అని. ఆ పేరంటే నాకు మహా ఇష్టం. కొమ్మ కోస్తే చెట్టుకు నష్టమనే రూలు డంపు మీద వేపచెట్టుకు సరిపోతుంది. దాన్ని తెచ్చి ద్రాక్ష మీద పెట్టాను. ఎవరినైనా అడగవచ్చు కదా అంటారేమో. నలుగురికి చెప్పే కుర్చీలో కూర్చున్నవాడు అడగడానికి సిగ్గుపడతాడు. నేనూ పడ్డాను. ఆ సిగ్గు విలువ రూతక్కకు మూడేళ్లు.

అప్పటికి కొత్త జీఎం వచ్చారు. మంచి మైనింగ్ ఇంజనీరు, నిజాయితీపరుడు, ఓపిక మాత్రం ఆవగింజంత. ఏ సమస్య చెప్పినా "జేసీబీ పెట్టి తీసెయ్" అనేవారు. కార్మికులు ఆయనకు జేసీబీ సారు అని పేరు పెట్టేశారు. దసరా అయిన నాలుగోరోజు ఆయన పందిరి కింద చాయ్ తాగుతుంటే పైనుంచి ఒక జెర్రిపోతు జారి సాసర్ పక్కనే పడింది. పాము ఒక దిక్కు ఉరికింది, సారు ఒక దిక్కు ఉరికారు.

"ఏందయ్యా మల్లేశం! ఇది ద్రాక్ష తోటనా, పాములకు కట్టిచ్చిన బంగ్లానా? మూడేండ్ల సంది ఒక్క కాయ లేదు. వారంల నరికెయ్. జేసీబీ పెట్టి ఏర్లతోని తీసెయ్. లాన్ ఎయ్యి!"

రూతక్క అక్కడే ఉంది. ఒలికిన చాయ్ తుడిచి, పందిరి వైపు చూడకుండా వెళ్లిపోయింది. మర్నాడు నేనే నిచ్చెన ఎక్కాను. వేళ్లు తియ్యడానికి జేసీబీ రావాలి, అది డంపు మీద పనిలో ఉంది. ఈలోగా తీగలు కోసి పందిరి ఖాళీ చేద్దామని, తీగల కొసలన్నీ జానెడు జానెడు మిగిల్చి తెగ్గోశాను. మొదలంటా కొయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. కోసిన ప్రతి కొస నుంచీ నీళ్లు బొట్లు బొట్లుగా కారాయి. రూతక్క కింద నిలబడి అరచెయ్యి పట్టింది.

"ఏడుస్తున్నయ్ సారూ."

నాకూ ఏడుపు వచ్చింది. దాచుకోవడానికేం, ఏడ్చాను.

జేసీబీ రాలేదు. మొదట హైడ్రాలిక్ పైపు పగిలింది, తర్వాత డ్రైవర్ చెల్లె పెళ్లి. పదిహేను రోజులు గడిచేసరికి ఎండుకట్టెల్లా ఉన్న తీగల మీద గులాబీ రంగు మొగ్గలు విచ్చుకున్నాయి. ఆ చిగుళ్లతో పాటే, ప్రతి కొత్త కొమ్మ మీదా, మిరియాల గుత్తుల్లాంటివి రెండేసి! రూతక్క కాలనీ అంతా వినబడేటట్టు అరిచింది.

"సారూ! కాసినయ్! మన పిల్లలు కాసినయ్!"

నేను జీఎం గారిని పిలుచుకొచ్చాను. ఆయన కళ్లద్దాలు పైకెత్తి, దించి చూశారు. "ఏందివి? ఆవాలా?" అన్నారు. "ద్రాక్ష గుత్తులు సార్" అన్నాను. "ఎండాకాలంల నా నోట్ల ఒక పండు పడాలె. లేకుంటే జేసీబీ నేనే తోలుకొనొస్త" అని వెళ్లిపోయారు.

తుడిచిన గుత్తులు

ఇక నేను చేసిన అసలు ఘనకార్యం చెబుతాను. ఇది బొగ్గు ఊళ్ల మనిషి తప్ప ఇంకెవ్వరూ చెయ్యలేని తప్పు.

మన దగ్గర ఏది చేతికొచ్చినా ముందు కడుగుతాం. గనిలో బ్లాస్టింగ్ అయితే మిద్దె మీది వడియాల మీద దుమ్ము, లారీ పోతే ఆరేసిన చొక్కా మీద దుమ్ము. కూరగాయ రెండుసార్లు, పండు మూడుసార్లు కడగనిదే నోట్లో పెట్టం. నర్సరీలో నా మొదటి రూలు కూడా అదే, తెల్లారగానే ఆకులన్నీ పైపుతో కడగాలె.

ఫిబ్రవరి చివరికి కాయలు గుండ్రంగా, కొన్ని కోలగా ఊరాయి. చూస్తే వాటి మీద తెల్లటి పొడి. భూగర్భ గనిలో బొగ్గుదుమ్ముకు నిప్పంటుకోకుండా చల్లే రాతిపొడి ఉంటుంది కదా, అచ్చం దాని మాదిరే. నా కడుపు మండింది. ఇంత దూరం కూడా ఈ దుమ్ము వచ్చి పడిందా అని తిట్టుకున్నాను. పైపుతో కొడితే పోలేదు. "తుడవాలె అక్కా" అన్నాను. రూతక్క తన పాత నూలుచీర చింపి తడిపి, ఒక్కో గుత్తినీ స్నానం చేయించిన చంటిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచింది. ఆరు తీగలు, నాలుగు రోజులు. గుత్తులు అద్దాల్లా మెరిశాయి. నేను ఫోటోలు కూడా తీశాను.

వారం తిరక్కుండా కాయల మీద గోధుమరంగు మచ్చలు పడ్డాయి. పగుళ్లు వచ్చాయి. పుల్లటి వాసన లేచి కందిరీగలు మూగాయి. చివరికి ఒక గంపెడు కాయలకు గుప్పెడు మంచివి మిగిలాయి.

ఆ గుప్పెడూ స్టీలు ప్లేట్లో పెట్టి జీఎం గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఒకటి నోట్లో వేసుకున్నారు. మొహం మారింది. గింజలు అరచేతిలో ఉమ్మి చూశారు.

"గింజలున్నయ్ గదనయ్యా! బజార్ల గింజల్లేనియి దొరుకుతుంటే నువ్వు నాలుగేండ్లు గింజలు పెంచినవా?"

"అవును సార్."

ఆయన ఇంకొకటి వేసుకున్నారు. ఆగి వాసన చూశారు. "ఇదేం వాసన? సెంటు గిట్ల కొట్టినవా?" అన్నారు. మూడోది, నాలుగోది కూడా తిన్నారు. నాకు ఒక్కటీ మిగల్చలేదు. "సరే, ఇంకో ఏడాది సూద్దాం" అన్నారు. అలా ఆ వాసన ఆరు తీగల ప్రాణం కాపాడింది.

రూతక్క మాత్రం ఆ రోజు పందిరి కింద కుళ్లిన గుత్తులు ఏరుతూ నా వైపు చూడలేదు. "ఇంక ఒక్క కాపే ఉన్నది సారూ నాకు" అంది. ఆమెకు మిగిలింది ఏడాదికి కాస్త పైన.

మేడ్చల్ కాక

మర్నాడే బస్సెక్కాను. నాలుగేళ్ల కింద ఎక్కాల్సిన బస్సు. మేడ్చల్ దిక్కు ఒకప్పుడు ద్రాక్ష పండించిన పెద్దాయన ఒకరున్నారని మా తోడల్లుడు చెప్పాడు. తోట అమ్ముడుపోయి ప్లాట్లయింది గానీ, ఆయన ఇంటి ముందర ఒక తీగ ఉంది. నా కథంతా విని ఆయన కాసేపు నన్ను ఎగాదిగా చూశాడు.

"మూడేండ్లు కొయ్యలేదా? దాన్ని మామిడిచెట్టు అనుకున్నవా ఏంది?"

"తెల్వదు కాకా."

"ఏడాదికి రెండు కోతలు. ఎండాకాలంల ఒకటి కట్టె తయారుకు, దసరా ఎనక ఒకటి కాపుకు. ద్రాక్షకు కత్తెరే ఎరువు. గది సరే, తుడుసుడేందయ్యా? ఆ తెల్లపొడి పండు అంగి! ఆనకు, ఎండకు, తెగుళ్లకు అదే అడ్డం. నువ్వు అంగి ఇప్పి చలిల నిలవెట్టినవ్ పాపం!"

ఆయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. నేను తలదించుకొని చాయ్ తాగాను. చీటీ మీది పేరు చెబితే ఆయన మొహంలో ఎకసెక్కం పోయింది. "అది నీ దగ్గర ఉన్నదా? ఎన్నడో ఒక్కపారి చూసిన. మన లావు తెల్లద్రాక్షకు, వాసనగల పరాయి రకానికి కలిపి చేసిన్రు. అది తినే ద్రాక్ష కాదు మల్లేశం. తాగే ద్రాక్ష. తెల్ల వైన్‌కు చేసింది. గింజ ఉంటది, కండ గట్టిగుంటది, వాసన మాత్రం తోటంత లేస్తది. బజార్ల ఎవ్వలు కొనరు, అందుకే ఎవ్వలకు తెల్వదు" అన్నాడు.

బస్సులో తిరిగి వస్తూ నాకు భలే సంతోషం వేసింది. నాలుగేళ్లు ఒక మనిషిని వేరే పేరుతో పిలిచి, పలకలేదని తిట్టినట్టయింది నా పని. కొత్త పిల్లలకు నేను చెప్పేది ఇదే: మొక్క మీ చేతికి రాగానే, అది దేనికోసం పుట్టిందో ముందు అడగండి. మీకు కావాల్సింది తర్వాత అడగవచ్చు.

యాకూబ్ భాయ్ లెక్క

ఆ ఏడు రెండు కోతలూ కోశాం. ఒక్క గుత్తినీ ముట్టలేదు. దుమ్ము పడితే పడనీ అని, తీగ మొదట్లోనే నీళ్లు పెట్టాం. నా చెయ్యి పైపు కోసం ఎంత గుంజిందో నాకే తెలుసు. మార్చికి పందిరి నిండా గుత్తులు, వాటి మీద తెల్లటి పొడి.

ఇప్పుడింకో చిక్కు వచ్చింది. ఎప్పుడు కొయ్యాలి? నల్లద్రాక్ష అయితే రంగు చెబుతుంది. ఇది పచ్చగా మొదలై, కాస్త పసుపు తిరిగి, అక్కడే ఆగి కూర్చుంటుంది. నేను రోజూ ఒక పండు తిని "పండింది" అనేవాణ్ని, రూతక్క ఒకటి తిని "ఇంక లేదు" అనేది.

ఒకరోజు యాకూబ్ భాయ్ వచ్చాడు. బొగ్గు వ్యాగన్ల మీద శాంపిల్ తీసే పనిలో జీవితమంతా గడిపిన మనిషి, నా పాత దోస్తు. మా తగువు చూసి నవ్వాడు.

"అరే మల్లేశం, నువ్వు ఎండ మొకాన ఏలాడే పండు తింటున్నవ్. అక్క నీడల పండు తింటున్నది. వ్యాగన్ల పైన ఉన్న పెళ్ల చూసి గ్రేడు చెప్తమా? నాలుగు మూలలు, నడుమ, అడుగు, అన్నింట్ల తీసి కలపాలె. అప్పుడు చెప్పు."

అలాగే చేశాం. ఒక్కో తీగలో తూర్పు నుంచి, పడమర నుంచి, గుత్తి భుజం మీదిది, కొస మీదిది తీసి గిన్నెలో పిసికి, ఆ రసం చప్పరించేవాళ్లం. గింజ కొరికి చూసేవాళ్లం. పచ్చిగా ఉంటే ఇంకా కాలేదని, గోధుమరంగు తిరిగి పటుక్కుమంటే దగ్గరపడిందని లెక్క. మూడు రోజుల్లో నేను ఓడిపోయాను. రూతక్క నాలుక ముందు నాది తోలుముక్క. "ఇయ్యాల నిమ్మకాయ ముంగట ఉన్నది సారూ" అనేది. ఇంకో రోజు, "నిమ్మ ఎనకకు పోయింది, తేనె వచ్చింది." ఒకరోజు పొద్దున రసం నోట్లో పోసుకొని కళ్లు మూసుకుంది. "మల్లెపూలు సారూ. మల్లెపూలు, కమలాతొక్క కలిసి వచ్చినయ్. ఇగ కొయ్యుండ్రి."

నేనూ చప్పరించాను. నిజమే. ఇన్నేళ్లు బొగ్గుపొగ పీల్చిన నా ముక్కుకు కూడా అందింది.

రంగు మాట

ఈస్టర్ ఇంకా వారం పైనే ఉంది. పండుగ ముందు గురువారం చర్చిలో ప్రభు బల్ల. ఏప్రిల్ నెలాఖరుకు రూతక్క రిటైర్ అవుతుంది. ఇన్నాళ్లకు అన్నీ కుదిరాయి అనుకుంటే, జీఎం గారు కబురు పంపారు. ఈస్టర్ మర్నాడు, సోమవారం పెద్దసార్లు వస్తున్నారు, అప్పటిదాకా ఒక్క గుత్తి తెగొద్దు, తర్వాత అన్నీ డబ్బాల్లో పెట్టి వాళ్లతో పంపాలి. నేను వెళ్లి రూతక్క సంగతి చెప్పాను. వినకుండానే "ఆమెది తర్వాత సూద్దాం" అన్నారు. తర్వాత అనడానికి ఆమె దగ్గర సర్వీసు లేదు.

చర్చిలోనూ గొడవ మొదలైంది. సంఘ పెద్ద సామేలు, రిటైరైన క్లర్కు, మంచివాడే గానీ అన్నింటికీ రూలు వెతికే మనిషి. రూతక్క, నేను, పాస్టర్ అయ్యగారు కూర్చొని మాట్లాడుతుంటే ఆయన అడ్డుపడ్డాడు.

"తెల్ల రసం ఎట్ల పెడ్తమక్కా? రక్తానికి గుర్తు గద అది. పోనీ జరంత ఎర్రరంగు కలుపుదాం. చిటికెడు."

రూతక్క లేచి నిలబడింది. "తమ్మీ సామేలూ, మా సారు దాని పొడి తుడిచి ఒక ఏడు కరాబు చేసిండు. ఇప్పుడు నువ్వు రంగేసి ఇంకో ఏడు కరాబు చేస్తవా? దేవుడు దాన్ని తెల్లగ పుట్టిచ్చిండు. ఆయనకు లేని ఫికర్ నీకెందుకు?"

నేను తలొంచుకున్నాను. అయ్యగారు నవ్వు ఆపుకొని, "ద్రాక్ష అయితే చాలు సామేలూ, రంగు మన కండ్లకే" అన్నారు. సామేలు గ్లాసులు లెక్కపెట్టడానికి లేచాడు.

మిగిలింది నా పని. ఈస్టర్ ముందటి ఆదివారం సాయంత్రం పందిరి కింద కుర్చీ వేసుకొని కూర్చుని ఆలోచించాను. యాకూబ్ భాయ్ మాట గుర్తొచ్చింది. పెద్దవాళ్లు చూసేది వ్యాగన్ మీది పెళ్లలే. గుత్తుల్లో సగానికి సగం లోపలి వైపు, ఆకుల చాటున ఉన్నాయి. మర్నాడు తెల్లారక ముందే రూతక్కా నేనూ నిచ్చెన వేసి, లోపలి గుత్తులు మాత్రం కోశాం. బయట అంచుల మీదివి ఒక్కటీ ముట్టలేదు. కింద నిలబడి చూస్తే పందిరి నిండుగానే ఉంది. ఇది అధికారి మాట దాటడమే. తప్పే. మీరూ చెయ్యండి అని నేను చెప్పను. నేను మాత్రం చేశాను.

రూతక్క తన క్వార్టర్లో గుత్తులు చేతులతో పిసికి, పలచటి గుడ్డలో వడకట్టి, పచ్చడి జాడీ కడిగి ఆరబెట్టి అందులో పోసింది. లేత బంగారం రంగు. మన ఎండలు తెలుసు కదా, బుధవారానికి జాడీలో సన్నగా నురగ లేచి చిటపటమని చప్పుడు. "పాడైందా సారూ?" అని పరేషాన్ అయింది. "లేదక్కా, అది పుట్టిన పని అది చేసుకుంటున్నది" అన్నాను.

గురువారం సాయంత్రం నేను చర్చిలో వెనక బెంచీ మీద కూర్చున్నాను. నేను హిందువును, బల్ల నాది కాదు, చూడటానికి వెళ్లాను. చిన్న చిన్న గ్లాసుల్లో ఆ బంగారు రసం వరసగా పెట్టారు. సామేలు ముందుగా తీసుకున్నాడు. మింగి, ఖాళీ గ్లాసు వైపు చూసి, మళ్లీ ఒకసారి వాసన చూశాడు. రూతక్క తన వంతు గ్లాసు రెండు చేతులతో పట్టుకొని తాగింది. మోకాళ్ల మీద చాలాసేపు ఉండిపోయింది. ఎవరూ ఆమెను లేపలేదు.

బయటికి వచ్చాక కొంగు చాటు నుంచి చిన్న సీసా తీసి నా చేతిలో పెట్టింది. "బల్ల మీదికి పోకముందే మీకని తీసి పెట్టిన" అంది. అక్కడే గేటు దగ్గర నిలబడి తాగాను. మొదట నాలుక మీద చురుక్కుమంది, తర్వాత మల్లెపూలు, చివర్న కమలాతొక్క చేదు సన్నగా. అంతకంటే మంచిది ఆ తర్వాత నేను తాగలేదు.

కాడలు

ఈస్టర్ మర్నాడు పెద్దసార్లు వచ్చారు, మెచ్చుకున్నారు, డబ్బాలతో వెళ్లారు. జీఎం గారు చల్లగా కుర్చీలో వెనక్కి వాలి పైకి చూశారు. ఆకుల చాటున, ముందెప్పుడో కోసి ఎండిన కాడలు కనబడ్డాయి.

"ఇవేంది?"

"వారం కింద గుత్తులు కోసిన కాడలు సార్."

"ఎవలు కోసిన్రు?"

"నేనే."

అన్నీ చెప్పేశాను. రూతక్క, చర్చి, జాడీ. అదే ఊపులో పాత నిజం కూడా బయటపెట్టాను: "సార్, నాకు తీగ కొయ్యాలని తెల్వదు. మీరు పామును చూసి నరకమన్నరు గద, ఆ నరుకుడుతోనే కాసింది. మీరు కోపం చెయ్యకుంటే ఇయ్యాల్టికీ ఆకులే."

మెమో ఖాయమనుకున్నాను.

"అంటే, ఈ ద్రాక్ష కాసింది నా వల్లనా?"

"హండ్రెడ్ పర్సెంట్ సార్."

ఆ తర్వాత ఆయన ఇక్కడున్నన్నాళ్లూ ప్రతి అతిథికీ ద్రాక్షను ఎప్పుడు కత్తిరించాలో వేలు చూపించి మరీ పాఠం చెప్పేవారు. నేను పక్కన నిలబడి తల ఊపేవాణ్ని. రూతక్క రిటైర్మెంట్ రోజున శాలువా కప్పి, "నీ రసం నాకు పంపకపోతివి గదమ్మా" అన్నారు. "మీరు డబ్బాలన్నీ పంపిన్రు గద సారూ" అంది ఆమె. హాలంతా నవ్వింది, ఆయన కూడా.

దసరా వెనక

ఇప్పుడా గెస్ట్‌హౌస్ లేదు. గని ఇటు జరిగింది. ఈసారి జేసీబీ నిజంగానే వచ్చింది, పందిరి పోయింది. నాకు పెద్ద బాధ కలగలేదు. ఎందుకంటే కోత కోసిన ప్రతిసారీ రూతక్క ఆ కట్టెలు పారెయ్యకుండా పాలప్యాకెట్లలో గుచ్చి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ పంచింది. సెంటినరీ కాలనీ క్వార్టర్ల గోడల మీద, కాసిపేటలో వాళ్ల చెల్లె ఇంటి ముందు, ఇక్కడ గోదావరిఖనిలో మా వాకిట్లో అదే తీగ. బజారులో దాని పేరు ఇప్పటికీ ఎవరికీ తెలియదు. మా దగ్గర దాన్ని "రూతక్క ద్రాక్ష" అంటారు.

ఇంత చెప్పాను గానీ ఒక సంగతి ఒప్పుకోవాలి. మా వాకిట్లో తీగ కొయ్యడానికి నాకు ఇప్పటికీ చెయ్యి రాదు. ప్రతి ఏడూ దసరా అయిన నాలుగోరోజు రూతక్క ఆటో దిగుతుంది, చేతిలో కత్తెర. మొన్న కూడా వచ్చింది. నేను ఆకులు ఎంత పచ్చగా ఉన్నాయో చెప్పబోయాను.

"గివన్నీ నాకు చెప్పకుండ్రి. పక్కకు జరుగుండ్రి సారూ. సూడలేకుంటే కండ్లు మూసుకొండ్రి."

మూసుకున్నాను. చాలాసేపు కత్తెర చప్పుడు విన్నాను. కళ్లు తెరిచేసరికి పందిరి మీద మోడులు, పైన ఆకాశం. కోసిన కొసల నుంచి నీళ్లు కారుతున్నాయి. రూతక్క అరుగు మీద కూర్చొని, కోసిన కట్టెల్లోంచి మంచివి ఏరి, తడిగుడ్డలో రెండు కట్టలుగా చుడుతోంది.

"ఆ కొత్త పిల్లలిద్దరూ వచ్చిన్రన్నరు గద? వీటిని ఇయ్యుండ్రి" అంది. "కాయకుంటే నన్ను పిలువుమనుండ్రి. మిమ్మల్ని కాదు."